జబ్బు పిల్లల కోసం కట్టిన బడులు

క్షయకు మందు లేని కాలంలో వైద్యులు గాలినీ, ఎండనూ, విశ్రాంతినీ, బలమైన తిండినీ నమ్ముకున్నారు. రాబర్ట్ కోఖ్ 1882లోనే క్షయ క్రిమిని గుర్తించినా, దానిపై పనిచేసే స్ట్రెప్టోమైసిన్ 1940ల దాకా రాలేదు. ఆ నడిమి కాలంలో పిల్లల కోసం చేసిన ఏర్పాట్లలో నా మనసుకు బాగా పట్టినవి ఆరుబయట బడులు.

1904లో బెర్లిన్ పక్కనున్న షార్లోటెన్‌బుర్గ్‌లో, పైన్ చెట్ల అడవిలో అలాంటి బడి తెరిచారు. రక్తం తక్కువై నీరసించిన నగరపు పిల్లలు పొద్దున్నే వచ్చి, అక్కడే కడుపునిండా తిని, మధ్యాహ్నం చెట్ల కింద పడుకుని, మామూలు బడిలోకన్నా తక్కువసేపు పాఠాలు చదువుకుని, సాయంత్రానికి ఇళ్ళకు వెళ్ళిపోయేవారు. 1908లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో ఒక పాత బడి గోడ తీయించి పెద్ద కిటికీలు పెట్టించారు. చలికాలంలో అవి తెరిచే ఉండేవి కనుక పిల్లలు దళసరి సంచులలో నడుము పైదాకా దూరి కూర్చునేవారు, పాదాల దగ్గర వేడి చేసిన రాళ్ళు పెట్టేవారు. ఇక పారిస్ శివారు స్యురెన్‌లో 1930లలో కట్టిన బడిలో తరగతి గదుల గాజు గోడలను మడిచి పక్కకు తీసేయవచ్చు, పైకి వెళ్ళడానికి వాలు దారులున్నాయి. నీరసంగా ఉన్న పిల్లవాడు మెట్లెక్కలేడన్న సంగతిని నక్షా గీసేటప్పుడే తలచుకున్న ఆ వాస్తుశిల్పులంటే నాకు ఎనలేని గౌరవం.

అన్నిచోట్లా ఇంత దయ లేదు. వేల్స్‌లోని క్రెయిగ్-ఇ-నోస్ పిల్లల శానిటోరియంలో, అంటే క్షయ రోగులను నెలల తరబడి ఉంచి చూసే ఆసుపత్రిలో, తల్లిదండ్రులు నెలకొకసారి మాత్రమే వచ్చి చూడగలిగేవారు. బాల్కనీలో పడుకున్నప్పుడు దుప్పట్ల మీద మంచు పడేదని అక్కడ పెరిగినవారు పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఊపిరితిత్తుల కోసం బాల్యాన్ని ఇంటినుంచి తెంచేసిన ఆ పద్ధతిని నేను సమర్థించలేను.

అలా తెంచవలసిన అవసరం లేదని రుజువైంది మన పక్కనే. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనంలో కొందరు రోగులకు శానిటోరియంలోనూ, కొందరికి వారి ఇరుకు ఇళ్ళలోనే, చాలీచాలని తిండితోనూ ఒకే మందులు ఇచ్చి చూస్తే, ఫలితాలలో పెద్ద తేడా కనబడలేదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం వంటి చోట్ల నెలల తరబడి మంచాన ఉండక తప్పని కాలం ఆ తరువాత క్రమంగా ముగిసింది.

వైద్యం ఇంటికి వచ్చింది కానీ, జబ్బు పిల్లలకు తగినట్టు బడిని మార్చుకునే అలవాటు మాత్రం శానిటోరియాలతోపాటే పోయిందని ఉపాధ్యాయురాలిగా నాకు అనిపిస్తుంది. టీబీ అని తెలియగానే, కోర్సు పూర్తయ్యేదాకా బడికి పంపవద్దని చెప్పేవారిని నేను చూశాను. తల్లిదండ్రులు, ముఖ్యంగా ఆడపిల్లలున్నవారు, పెళ్ళి సంబంధాలకు భయపడి జబ్బు మాటే దాచిపెడతారు. నిజానికి చిన్నపిల్లలనుంచి ఇతరులకు క్షయ సోకడం అరుదు. తెమడలో క్రిములున్న పెద్ద పిల్లలు కూడా సరైన మందులు మొదలైన కొద్ది వారాలలోనే, డాక్టరు సరేనంటే, తరగతికి రావచ్చు. తీవ్రత తక్కువైతే పిల్లలకు నాలుగు నెలల చికిత్స చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది.

మన బడులలో మధ్యాహ్న భోజనం ఉంది, గుడ్డు ఉంది. అన్నం తిన్నాక జబ్బుపడిన పిల్ల ఒక గంట పడుకోవడానికి చాప వేయడం, పోయిన పాఠాలను తోటి పిల్లల చేత రాయించి ఇవ్వడం, పరీక్షకు మరో తేదీ ఇవ్వడం ఏ ప్రధానోపాధ్యాయులైనా రేపటినుంచే చేయగలిగిన పనులు.