గోల్డ్‌బాల్స్‌ను చూసి నవ్వింది నేనే

రాత్రి అన్నం తింటూ ఎక్స్-మెన్ కామిక్ 'హౌస్ ఆఫ్ ఎక్స్' ఐదో సంచిక మళ్లీ తెరిచా. 2019 నాటిదే, అయినా చెయ్యి ఎండిపోయింది, పెరుగన్నం కంచంలోనే ఉంది.

నాలుగో సంచికలో సైక్లాప్స్, జీన్, వుల్వరిన్ లాంటి హీరోలంతా సూర్యుడి దగ్గర చచ్చిపోతారు కదా. ఇక్కడ ఐదుగురు మ్యూటెంట్లు (పుట్టుకతోనే వింత శక్తులున్నవాళ్లు) కలిసి వాళ్లను గుడ్లలోంచి మళ్లీ పుట్టిస్తారు. ఆ గుడ్లు ఎవరివి? ఒంట్లోంచి బంగారు బంతులు రాలడం తప్ప ఇంకేం చేతకాదని నేను ఎగతాళి చేసిన, ఆ ఐదుగురిలో ఒకడైన గోల్డ్‌బాల్స్‌వి! పాపం, క్షమించు బాబూ.

పెపె లరాజ్ బొమ్మల్లో స్టార్మ్ అనే మ్యూటెంట్ అలా తిరిగి పుట్టిన ఒక్కొక్కరినీ జనం ముందుకు పిలుస్తుంటే అచ్చం ఊళ్లో జాతర చూసినట్టుంది. ఆ పేజీ దగ్గరే పది నిమిషాలు ఆగిపోయా.

ఒక్కటే గొణుగుడు. చావే లేకపోతే ఇక ఫైట్లలో టెన్షన్ ఎక్కడిది, రచయిత హిక్‌మన్ గారూ?

అన్నాను గానీ, చెయ్యి కడుక్కుని వెంటనే ఆరోది తీశా.