ఘాటు మాట, గలీజు మాట

ఆదివారం రాత్రి.

పొద్దున బావ వచ్చాడు. టిఫిన్ తింటుంటే టీవీలో ఒక నాయకుడు తన ప్రత్యర్థి తల్లిని ఎత్తి మాట్లాడుతున్నాడు. నాకు ముద్ద దిగలేదు. బావ మాత్రం నవ్వి, "మన దిక్కు మాట గట్లనే ఉంటది, తప్పేముంది" అన్నాడు.

తిట్టడానికి మన యాసను అడ్డం పెట్టుకోవడం నేను ఒప్పుకోను. ప్రజాకవి కాళోజీ ఈ హన్మకొండలోనే బతికాడు, ఈ మాటతోనే పాలకులను కడిగేశాడు. సత్తుపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీద పోటీకి దిగి ఓడిపోయాడు కూడా. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆయన కోపమంతా అన్యాయం మీద, అధికారం మీద. మన మాటకు ఘాటు ఉంది, ఉండాలి కూడా. అది ఎవరి మీద పడుతోందన్నదే నేను చూస్తాను.

"నీ పాలనల రైతు ఆగమైండు, జవాబు చెప్పు" అని ఎంత గట్టిగా అరిచినా నాకు అభ్యంతరం లేదు. మంత్రికి మైకుంది, జవాబు చెప్పుకుంటాడు. మరి ఆయన తల్లి, భార్య, బిడ్డ ఎక్కడ చెప్పుకోవాలి?

2024 అక్టోబరులో వరంగల్ తూర్పు ఎమ్మెల్యే, మంత్రి కొండా సురేఖ కేటీఆర్‌ను విమర్శిస్తూ ఒక సినీ నటి విడాకుల సంగతి లాగారు. సినిమావాళ్లు గట్టిగా నిరసన చెప్పాక నటి గురించిన ఆ మాట వెనక్కి తీసుకున్నారు. తీసుకోవడం మంచిదే. కానీ అప్పటికే ఏ పార్టీతో సంబంధం లేని ఒక ఆడమనిషి సొంత బతుకు ఊరూరా చర్చ అయిపోయింది. అవతలి పక్షమూ తక్కువేం కాదు. అదే ఏడాది లోక్‌సభ ఎన్నికలప్పుడు సిరిసిల్లలో అన్న మాటలకు కేసీఆర్‌ను ఎన్నికల సంఘం 48 గంటలు ప్రచారం చేయకుండా ఆపింది.

నియమాలు లేకపోలేదు. విమర్శ అంతా విధానాలు, కార్యక్రమాలు, చేసిన పనుల వరకే ఉండాలని, సొంత జీవితం జోలికి పోవద్దని ఎన్నికల ప్రవర్తనా నియమావళి చెబుతుంది. అభ్యర్థి శీలం మీద తెలిసీ అబద్ధం ప్రచారం చేస్తే, అది 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య. కోర్టులో రుజువైతే గెలిచిన ఎన్నికే రద్దు కావచ్చు. అయితే నియమావళి ఎన్నికలున్న నాలుగు రోజులే. మిగతా కాలమంతా అడ్డుకోవాల్సింది వినేవాళ్లే. సభలో అమ్మను తిట్టగానే ఈలలు పడుతుంటే ఏ నాయకుడు ఆపుతాడు?

ఇదంతా మధ్యాహ్నం బావతో చెప్పా. మా వాడకు ఓట్లకొచ్చిన ఎవరినైనా సరే, మోరీలు, నల్లా నీళ్లకన్నా ముందు ఇదే అడుగుతానన్నా. కాసేపు వాదించాడు, "అన్ని పార్టీలోళ్లు గట్లనే మాట్లాడుతున్నరు గదా" అన్నాడు. అందుకే అందరినీ అడగాలన్నా. "సరే, నువ్వు అడుగు, నేను పక్కన నిలబడ్త" అన్నాడు.