మామిడితోటలో చిన్న రైలు: నా అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడి పొలిమేరలో మాకున్న అరెకరం మామిడితోటను పిల్లల పార్కుగా మార్చి, అందులో చిన్న రైలు నడపాలని రెండేళ్ల కిందట అనుకున్నప్పుడు, పట్టాల సంగతి తయారీదారు పంపే పనివాళ్లే చూసుకుంటారని, డబ్బు కట్టి రంగు ఎంచుకుంటే నా పని అయిపోతుందని ధీమాగా ఉన్నాను.

ఆయన చూపిన ఫొటోల్లో పొడవాటి పొగగొట్టం, గంట, ముందు పశువులను పక్కకు తోసే జాలీ ఉన్న ఇంజను నాకు వెంటనే నచ్చింది. ఆ రూపం ఎక్కడిదో తరువాత చదివి తెలుసుకున్నాను. 1863లో తయారైన సి.పి. హంటింగ్టన్ అనే ఆవిరి ఇంజను కాలిఫోర్నియాలోని రైల్వే మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. అమెరికాలోని విచిటా నగరానికి చెందిన ఛాన్స్ సంస్థ దాని పోలికతో 1960ల మొదట్లో 24 అంగుళాల గేజు (రెండు పట్టాల మధ్య దూరం) పార్కు రైళ్లు చేయడం మొదలుపెట్టి, వందల కొద్దీ అమ్మింది. నేను కొన్నది అందులో ఒకటి కాదు, ఆ పోలికకు పోలిక. ఇనుప చట్రం మీద ఫైబర్ తొడుగు, లోపల నాలుగు బ్యాటరీలు, ఒక మోటారు. కూత స్పీకరులోంచి వస్తుంది.

కాగితాల పని అనుకున్నంత కష్టం కాలేదు. ఒడియా మాట్లాడటమే గాని రాయడం నాకు సరిగా రాదు కనుక దరఖాస్తులు మా మరదలు రాసి పెట్టింది. ఒక కార్యాలయంలో చిన్న రైలుకు తగిన గడి ఫారంలో లేకపోవడంతో ఊయలల కింద చేర్చారు.

అసలు కథ పట్టాలు వేశాక మొదలైంది. ఎవరినీ ఎక్కించకముందు ఒక్కొక్క బోగీలో 50 కిలోల ఇసుక బస్తాలు పదేసి వేసి నడిపి చూశాము. మూడో చుట్టులో, పెద్ద మామిడి చెట్టు దగ్గరి వంపులోకి దిగగానే, రెండో బోగీ బయటివైపు ముందు చక్రం పట్టా మీదికెక్కి అవతల పడింది. ఫోను చేస్తే తయారీదారు బండి వేగం తగ్గించమన్నాడు. అప్పటికే అది మనిషి చురుగ్గా నడిచేంత వేగంతోనే పోతోంది.

అప్పుడు మా చిన్నాన్నను పిలిచాను. ఆయన నౌపడా–గుణుపురం చిన్న రైలు మార్గంలో పట్టాల బాగోగులు చూసే గ్యాంగ్‌మన్‌గా పనిచేశారు. కిమిడి రాజావారు వేయించగా 1900లో నౌపడా నుంచి మా ఊరి దాకా మొదలై, 1931 నాటికి గుణుపురం చేరి, 2004లో బ్రాడ్‌గేజి పనుల కోసం ఆగిపోయిన ఆ రైలు గేజు రెండున్నర అడుగులు. చిన్నాన్న నా పట్టాల మధ్య టేపు పెట్టి చూసి, “మన రైలుకి ఆరంగుళాలే తక్కువరా ఇది. బొమ్మ అనుకుని వేసినట్టున్నారు” అన్నారు. డార్జిలింగ్ కొండ రైలు గేజు కూడా సరిగ్గా ఈ రెండడుగులే అని తెలిశాక ఆ మాట నాకు ఇంకా బాగా పట్టింది.

వంపులో బయటి పట్టా ఎత్తుగా ఉండాలని ఎక్కడో విన్న వెల్డరు, రెండు స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మల) దూరంలోనే దానిని 2 అంగుళాలు లేపేశాడు. అంత దగ్గరలో పట్టా మెలిక తిరిగితే బోగీ నాలుగు చక్రాలూ సమానంగా ఆనవు. బరువు తేలిపోయిన చక్రాన్ని వంపు పక్కకు నెట్టినప్పుడు దాని అంచు పట్టా మీదికి సులువుగా ఎక్కుతుంది. ఎత్తును అర అంగుళానికి తగ్గించి, 5 మీటర్ల పొడవున కొంచెం కొంచెంగా వచ్చేలా కంకర దట్టించాము. వంపు మరీ ముడుచుకుని ఉన్నందున చక్రాలు ఒరుసుకోకుండా అక్కడ గేజును కొద్దిగా వదులు చేశాము. అదీ చాలక, టిక్కెట్ల గది కోసం ఉంచిన జాగా వదులుకుని వంపును వెడల్పు చేయవలసి వచ్చింది. చెట్టు కొట్టేయమని సలహా ఇచ్చినవారూ ఉన్నారు గాని, అది మా తాత నాటిన చెట్టు.

ఈ పనికి పదిహేడు రోజులు పట్టింది. మళ్లీ బస్తాలు వేసి, రెండు రోజుల్లో వంద చుట్లు తిప్పాకే పిల్లలను ఎక్కించాము. వానలు మొదలయ్యాక చెట్టు పక్క కంకర వారంలో రెండుసార్లు దిగిపోయింది. చిన్నాన్నకు మోకాళ్ల నొప్పులు. అందుకని ఇప్పుడు ప్రతి ఉదయం బండి తీయకముందు గేజు కడ్డీ, సుత్తి పట్టుకుని నేనే ఒక చుట్టు నడుస్తున్నాను.