మైక్రోవేవ్‌లో దుంపలు

బంగాళాదుంపలు స్టవ్ మీద ఉడకబెట్టడం నేను దాదాపు మానేశాను. కడిగి, తడి తుడవకుండా, ఫోర్క్‌తో నాలుగు వైపులా లోతుగా గుచ్చి పెడతాను. ఈ గుచ్చడం మాత్రం మానొద్దు. ఆవిరికి దారి దొరక్కపోతే తొక్క టప్పున పగిలి, లోపలి గుజ్జంతా ఓవెన్ గోడలకు అంటుకుంటుంది. గుప్పెడంత దుంపకి 800 వాట్ల మీద ఐదారు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిరగేయాలి. తరంగాలు పైనుంచి ఒకటి రెండు సెంటీమీటర్ల దాకానే బాగా పనిచేస్తాయి, నడిభాగానికి వేడి మెల్లగా పాకాలి. అందుకే ఆపేశాక ఐదు నిమిషాలు మూతపెట్టి వదిలేస్తాను. తీసి చూస్తే చాకుకి ఎక్కడా అడ్డు తగలదు, తొక్క వేలికి పొరలా ఊడొస్తుంది. నాకు భలే ఇష్టం అది!

కంద సంగతి వేరు. చెక్కు తీసేముందు చేతులకు నూనె రాసుకుంటే దురద తగ్గుతుంది. అంగుళం ముక్కలు కోసి, గాజు గిన్నెలో వేసి, నాలుగు చెంచాల నీళ్లు చల్లి, మూత వదులుగా పెట్టండి. నీళ్లు చాలకపోతే అంచులు ఎండి చెక్కలా బిగుస్తాయి. కందలో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది, గొంతు దురదకి అదే కారణం. కాబట్టి పలుకుగా ఉన్నప్పుడు రుచి చూడకండి. ముక్క వేళ్ల మధ్య పూర్తిగా మెదిగేదాకా రెండేసి నిమిషాలు పెంచుతూ పోండి.