సెకండ్ హ్యాండ్ మోటారు సైకిలుకి (పెట్రోలుది కాదు, బ్యాటరీది) నేను మార్పించిన పార్టులు

మాది వైజాగ్, అక్కయ్యపాలెం. డ్యూటీ బీచ్ రోడ్డులో ఒక హోటల్ రిసెప్షన్‌లో, ఎక్కువగా సెకండ్ షిఫ్టు. పెట్రోలు ఖర్చు తగ్గుద్దని తెలిసినాయన దగ్గర ఒక 26 అంగుళాల సైకిలు కొన్నాను. దానికి 24 వోల్టుల 250 వాట్ల గేర్ మోటారు కిట్టు ముందే బిగించి ఉంది, అదే ఆన్‌లైన్‌లో ఎం.వై. 1016 జెడ్ అని దొరుకుతాది చూడండి, చైనుతో వెనక చక్రాన్ని తిప్పేది. వెనక క్యారేజీ మీద యూపీఎస్‌లో వేసే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీలో ఎంత ఛార్జింగ్ పడుతుందో చెప్పే లెక్క) బ్యాటరీలు రెండు. వెళ్ళేటప్పుడు హాయిగా ఉండేది, ఎందుకంటే సిరిపురం దాటాక బీచ్ దాకా అంతా దిగుడే. తిరిగి వచ్చేటప్పుడు పాండురంగాపురం డౌన్ (పేరుకే డౌన్, బీచ్ నుంచి వచ్చేవాళ్ళకి అది నిటారు ఎక్కుడు) ఎక్కాలి కదా, అక్కడ సగంలో మోటారు టక్కున ఆగిపోయేది. ఒక నిమిషం నిలబడితే మళ్ళీ తిరిగేది, పది గజాలు పోయి మళ్ళీ ఆగేది. రాత్రి పదకొండింటికి యూనిఫారంలో సైకిలు తోసుకుంటూ ఎక్కుతుంటే కుక్కలన్నీ వెనకే.

చూపించిన ప్రతివాళ్ళూ ఒకటే మాట, మోటారు పవర్ చాల్లేదు అని. మా ఫ్రెండొకడైతే "ఇంకో బ్యాటరీ తగిలించి 36 వోల్టులు ఎక్కించెయ్ గురూ, రయ్యిన పోద్ది" అన్నాడు. పోద్ది, నిజమే. ఇలాంటి మోటారుకి వోల్టేజీ ఎంత పెంచితే స్పీడు ఇంచుమించు అంత పెరుగుతాది, అంటే 22 పోయేది 33 దాకా పోతాది. కానీ బండికున్నవి సైకిలు బ్రేకులు. పైగా మన రూల్స్ ప్రకారం 250 వాట్లు, గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే అది మోటారు వాహనం కింద రాదు, రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు. ఆ గీత దాటించి ట్రాఫిక్ వాళ్ళకి సమాధానం చెప్పుకోవడం దేనికి.

నేను ముందు కొన్నది నూట పది రూపాయల డిజిటల్ వోల్ట్ మీటరు. రెండు వైర్లు, ఎర్ర అంకెలు, హ్యాండిల్‌కి టేపు వేసి అంటించా. ఫుల్ ఛార్జింగ్ మీద 25.5 చూపించేది. పాండురంగాపురం డౌన్ ఎక్కడం మొదలెట్టగానే 24, 23, 22 అని జారుకుంటూ వచ్చి 21 దగ్గర మోటారు కట్, ఆగి చూస్తే మళ్ళీ 24కి లేచేది. అంటే మోటారు బాగానే ఉంది, బ్యాటరీ లోడు మీద కూలిపోతుంటే కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటారుకి కరెంటు పంపే డబ్బా) దాన్ని కాపాడ్డానికి ఆపేస్తంది. ఆ బ్యాటరీ మీద రాసే 7 ఏహెచ్ అనేది మెల్లగా 20 గంటలు వాడితే వచ్చే లెక్క, ఈ మోటారు లోడు మీద 13 ఆంపియర్లు లాగుతాది, అలా లాగితే అందులో వచ్చేది సగానికి కాస్త ఎక్కువ, అంతే. నాకు రానూపోనూ పదకొండు కిలోమీటర్లు, అది ఎనిమిది తొమ్మిదికే చేతులెత్తేసేది.

కొత్త బ్యాటరీకి డబ్బులు జీతం దాకా లేవు కాబట్టి ఈలోగా చిన్నవి చేశా. అన్నిటికన్నా చవగ్గా ఎక్కువ లాభం ఇచ్చింది ఫ్రీవీలే అని ఇప్పటికీ అంటాను. మోటారు చైను తిప్పే వెనక ఫ్రీవీల్, అంటే వెనక చక్రానికుండే పళ్ళ బిళ్ళ, 16 పళ్ళది ఉండేది, అది తీయించి 18 పళ్ళది వేయించా, ఫ్రీవీల్ నూట ఇరవై, కూలీ యాభై. మోటారు మీద 9 పళ్ళే కదా, వెనక పళ్ళు పెరిగితే చక్రం కాస్త నెమ్మదిగా తిరుగుతాది గానీ ఎనిమిదో వంతు బలం ఎక్కువ వస్తాది. స్పీడు 22 నుంచి 20కి తగ్గింది, ఆ రెండు కిలోమీటర్లు సిరిపురం సిగ్నల్ దగ్గర ఎలాగూ పోతాయి. ఎక్కుడులో మోటారు మూలగడం తగ్గింది, ఆగిపోవడం పూర్తిగా పోలేదు గానీ పెడల్ కాస్త తొక్కితే గట్టెక్కేది. చైను మార్చక్కర్లేదు, మోటారు బోల్టులు లూజు చేసి స్లాట్‌లో కాస్త చక్రం వైపు జరిపితే సరిపోయింది.

తర్వాత వైర్లు. కిట్టుతో వచ్చిన వైరు సన్నం, కనెక్టర్లు రేకువి. బీచ్ గాలి సంగతి వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, గేటు తాళాలే తుప్పు పట్టిపోతాయి. కనెక్టర్ స్లీవ్ వెనక్కి లాగి చూస్తే లోపలంతా పచ్చగా చిలుము, ప్లాస్టిక్ ఒక పక్క కరిగి పసుపు రంగులోకి వచ్చింది, ముక్కు దగ్గర పెడితే కాలిన వాసన. బ్యాటరీ నుంచి కంట్రోలర్ దాకా, అక్కణ్ణుంచి మోటారు దాకా 2.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు వేసి, డ్రోన్లకి వాడే పసుపు రంగు ఎక్స్.టి. 60 కనెక్టర్లు సోల్డర్ చేయించా, బ్యాటరీ పక్కనే కార్లలో వాడే బ్లేడు ఫ్యూజు 30 ఆంపియర్లది హోల్డరుతో సహా. అంతా కలిపి మూడొందల యాభై అయ్యింది. వైర్లు కంట్రోలర్‌లోకి వెళ్ళే ముందు ఒకసారి కిందికి వంగి మళ్ళీ పైకి వెళ్ళేలా కట్టించుకోండి, వాన నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, లోపలికి పోవు.

బ్రేకులకి ఆరొందల యాభై. కొత్త రబ్బర్లు, కేబుళ్ళు ఔటర్‌తో సహా, స్విచ్చి ఉన్న బ్రేకు లీవర్లు జత. ఈ లీవర్లు చాలామంది అనవసరం అనుకుంటారు. బ్రేకు వేళ్ళతో కాస్త నొక్కగానే లోపలి స్విచ్చి కంట్రోలర్‌కి చెప్పి మోటారు ఆపేస్తాది, యాక్సిలరేటర్ తిరిగే ఉన్నా సరే. ఏదైనా ఆటో అడ్డంగా ఆగినప్పుడు మన చెయ్యి రెండు పనులూ ఒకేసారి చెయ్యదండీ. రబ్బర్లు బిగించేటప్పుడు మా సైకిలు షాపు తాత ఒక్కో రబ్బరు వెనక చివర పాత సైకిలు ట్యూబు ముక్క పెట్టి బిగించి ఆ ముక్క లాగేశాడు, అలా చేస్తే ముందు అంచు ముందు తగిలి కీచుమనదట. నిజంగానే కీచుమనలేదు.

ఇక బ్యాటరీ. ఈసారి లిథియంది. అందులో కూడా నేను 18650ల (ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండే సన్న సెల్సు) జోలికి పోలేదు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో 32700 అనే లావు సైజు సెల్సు తీసుకున్నా, 3.2 వోల్టులు 6 ఏహెచ్‌వి, పదహారు. ఎనిమిది వరసలో, రెండేసి జతగా వేస్తే 25.6 వోల్టులు 12 ఏహెచ్ ప్యాకు. పాత కంట్రోలరే సరిపోతాది, అది మార్చక్కర్లేదు. వేడికి కూడా ఈ రకం కాస్త నిదానం, మన ఎండలకి అదే మేలు. సెల్లు ఒక్కోటి రెండొందల ముప్పై పడింది, 20 ఆంపియర్ల బీఎంఎస్ (సెల్లుల్ని కాపాడే సర్క్యూట్ బోర్డు) ఏడొందల యాభై, నికెల్ పట్టీలు వేసి స్పాట్ వెల్డింగ్ చేసినందుకు ఆరొందలు, ఛార్జరు తొమ్మిదొందల యాభై. సెల్లు మీద డైరెక్టుగా సోల్డరింగ్ పెడతానన్న షాపుకి దణ్ణం పెట్టి వచ్చేశా, ఆ వేడికి సెల్లు పాడవుతాది. ఛార్జరు 29.2 వోల్టులదే కావాలి, పాత ఛార్జర్ ఉంది కదా అని వాడకండి. కొనేటప్పుడు సెల్లు తూకం వేయించండి, ఈ సైజుది నూట నలభై గ్రాముల దగ్గర ఉండాలి, బాగా తేలిగ్గా ఉంటే వద్దు. 18650 మీద 9900 ఎంఏహెచ్ అని రాసి అమ్మేవి అయితే శుద్ధ అబద్ధం, మంచి కంపెనీవే 3500 ప్రాంతం.

పాతవి రెండూ కలిపి నాలుగున్నర కిలోల దాకా ఉండేవి, ఇది అందులో సగం. క్యారేజీ మీద కాకుండా ఫ్రేము మధ్యలో బ్యాగులో పెట్టా, దాంతో వెనక చక్రం పుల్లలు మాటిమాటికీ లూజవ్వడం కూడా తగ్గింది. పాండురంగాపురం డౌన్ ఇప్పుడు ఆగకుండా ఎక్కుతాది. పెడల్ కాస్త కాస్త తొక్కుతుంటే ఫుల్ ఛార్జింగ్‌కి పాతిక కిలోమీటర్లు ఈజీగా వస్తంది. ఒక తమాషా ఏంటంటే, ఇంత ఉపకారం చేసిన వోల్ట్ మీటరు ఇప్పుడు పెద్దగా పనికిరాదు, ఈ రకం బ్యాటరీ దాదాపు ఖాళీ అయ్యేదాకా 26 దగ్గరే కూర్చుని చివర్లో ఒక్కసారిగా పడిపోతాది. అందుకే కిలోమీటర్లు చూసి ఛార్జింగ్ పెడుతున్నా.

రాత్రి డ్యూటీ కాబట్టి 24ని 12 చేసే చిన్న కన్వర్టర్, ఎల్‌ఈడీ లైటు, హారను ఆరొందల్లో అయిపోయాయి. లైటు మరీ పైకి పెట్టొద్దు, ఎదుటివాడి కళ్ళల్లో పడతాది. పాత బ్యాటరీలు రెండూ పాత సామాన్ల షాపులో కిలో లెక్కన తీసుకున్నారు, ఆ డబ్బులతో కుడి పక్కకి ఒక అద్దం వచ్చింది. మన బండికి సౌండు ఉండదు, వెనకొచ్చే సిటీ బస్సు మనల్ని చూసుకుందో లేదో మనమే చూసుకోవాలి మరి.