ఇంటికి తిరిగి వెళ్ళినవారి సంగతి

శనివారం, పర్లాకిమిడి.

పాస్టరుగారు గుణుపురం వైపు వెళ్ళడం వల్ల ఈ సాయంత్రం మా ఇంట జరిగే ప్రార్థన కూటంలో, బైబిలులో ఇశ్రాయేలీయుల నాయకుడైన గిద్యోనును గురించి మాట్లాడవలసిన పని నా మీద పడింది. చిన్ననాటి నుంచి నాకు నత్తి ఉంది. గకారంతో మొదలయ్యే మాట దగ్గర నాలుక మరీ బిగుసుకుపోతుంది. అందువల్ల మూడు రోజులుగా, అతని కథ ఉన్న న్యాయాధిపతుల గ్రంథంలోని 6, 7 అధ్యాయాలను పైకి చదువుకుంటూనే ఉన్నాను.

ఉదయం విస్తళ్ళ కోసం మహేంద్రతనయ నది ఒడ్డు వైపు ఉండే మామ్మ దగ్గరికి వెళ్ళాను. పక్షవాతంతో ఆమె ఎడమ చేతి వేళ్ళు ముడుచుకుపోయాయి. అడ్డాకును మోకాలి కింద అదిమిపెట్టి, కుడి చేత్తో సన్నని పుల్ల గుచ్చి, మిగిలిన కొసను పళ్ళతో తుంచుతుంది. ఆమెకు చదువు రాదు, మనవలకు ఒడియా అక్షరాలే తప్ప తెలుగు అక్షరాలు రావు. అందుకని నేను ఎప్పుడు వెళ్ళినా ఒక అధ్యాయం చదివించుకుంటుంది. ఆమె ముందు చదివేటప్పుడు నా నాలుక అంతగా తడబడదు.

ఇశ్రాయేలీయుల పంటలు పాడుచేస్తున్న శత్రువులైన మిద్యానీయుల కంట పడకుండా గిద్యోను ద్రాక్షపళ్ళు తొక్కే గోతిలో, అంటే ద్రాక్ష గానుగ చాటున, గోధుమలు దుళ్ళగొట్టిన చోట ఆమె చెయ్యి ఆగింది. గాలికి ఎదురుగా బయలు కళ్ళంలో చేసుకోవలసిన పనిని గోతిలో దాక్కుని చేసుకుంటున్నవాడిని దేవదూత ‘పరాక్రమముగల బలాఢ్యుడా’ అని పిలిచాడు. మనష్షే గోత్రంలో తన కుటుంబం ఎన్నికలేనిదనీ, తన తండ్రి ఇంట తాను కనిష్ఠుడననీ అతడు జవాబు చెప్పాడు. తరువాత మిద్యానీయులతో యుద్ధానికి అతని వెంట 32,000 మంది కూడితే, భయపడేవారు వెళ్ళిపోవచ్చని చెప్పగానే 22,000 మంది వెళ్ళిపోయారు. నీళ్ళ దగ్గర, తాగిన తీరును బట్టి మరి 9,700 మందిని పంపివేశాక 300 మంది మిగిలారు.

“మరి తిరిగెళ్ళిపోయినోళ్ళు పనికిరానోళ్ళేనేటి బాబూ?” అని మామ్మ అడిగింది.

అప్పటికప్పుడు నేను ఏమీ చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి మళ్ళీ చదివాను. చేత్తో నీళ్ళు తీసుకుని గతికినవారు అప్రమత్తులు గనుకనే ఎన్నికయ్యారని ఎన్నో ప్రసంగాలలో విన్నాను గాని, ఆ మాట వాక్యంలో లేదు. వాక్యం చెప్పిన కారణం వేరు: తమ బాహుబలమే తమను రక్షించిందని ఇశ్రాయేలీయులు అతిశయిస్తారేమోనని దేవుడు ఆ సంఖ్యను తగ్గించాడు. ఆ 300 మందిని నేర్పరులుగా చేసి చెబితే, దేవుడు తీసివేయదలచుకున్న అతిశయాన్నే మనం తిరిగి తెచ్చి అక్కడ పెట్టినట్లవుతుందని నాకు గట్టిగా అనిపించింది. అధ్యాయం చివరికి వస్తే, శత్రువు పారిపోయేటప్పుడు నఫ్తాలి, ఆషేరు, మనష్షే గోత్రాలవారిని మళ్ళీ పిలిపించారు. మొదట గిద్యోను వెంట కూడి వచ్చిన గోత్రాలలోనివే ఈ మూడూ. భయపడి వెళ్ళినవారిని దేవుడు దూషించినట్లు ఒక్క మాటైనా నాకు కనిపించలేదు.

ఇది చదువుతుండగా మోషే గుర్తుకు వచ్చాడు. తాను నోటి మాంద్యము, నాలుక మాంద్యము గలవాడనని అతడు మొరపెట్టుకున్నప్పుడు దేవుడు ఆ మాంద్యాన్ని తీసివేసినట్లు నిర్గమకాండంలో లేదు. నీ నోటికి తోడై ఉంటానని చెప్పి, అతని అన్న అహరోనును అతని బదులు మాట్లాడడానికి పక్కన నిలబెట్టాడు. నత్తి పోవాలని ఏళ్ళ తరబడి ప్రార్థించిన నాకు ఒకప్పుడు ఆ భాగం చదివితే దుఃఖం వచ్చేది. ఇప్పుడు అదే భాగం దగ్గర ఎక్కువసేపు ఆగుతున్నాను.

కూటానికి పద్నాలుగు మంది వచ్చారు. మొదటి వాక్యంలోనే గిద్యోను పేరు దగ్గర ఆగిపోయాను. చాప మీద కూర్చున్న మామ్మ ఆ పేరు మెల్లగా పలికింది. నేను అక్కడి నుంచి కొనసాగించాను. ఆమె అడిగిన ప్రశ్ననూ, నాకు దొరికిన జవాబునూ అందరికీ చెప్పాను.

అందరూ వెళ్ళాక 8వ అధ్యాయం తీశాను. గెలిచిన తరువాత గిద్యోను 1,700 తులముల బంగారంతో ఏఫోదు, అంటే యాజకులు ధరించే వస్త్రం లాంటిది, చేయించి తన ఊరైన ఒఫ్రాలో ఉంచాడు. జనం దానిని పూజించసాగారు. అది అతనికీ అతని ఇంటివారికీ ఉరి, అంటే ఉచ్చు, అయ్యింది. గానుగ చాటున దాక్కున్న రోజున అతనికి రాని ఆపద గెలుపు తరువాత వచ్చింది. పై శనివారం కూడా నన్నే మాట్లాడమన్నారు. ఆ భాగాన్ని దాటవేయకుండా చెప్పాలి. ముందుగా మామ్మ దగ్గర ఒకసారి చదవాలి.