డిక్లరేషన్‌లోకి ఒక వాక్యం ఎలా ఎక్కుతుంది

సంస్కృతి, విద్య, మీడియా స్వేచ్ఛ, బాలల హక్కులు. వీటి మీద జరిగే అంతర్జాతీయ సదస్సులకు వెళ్లే స్వచ్ఛంద సంస్థలు, టీచర్లు, జర్నలిస్టులు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. మూడు నిమిషాల ప్రసంగం కోసం నెల రోజులు కష్టపడతారు, సదస్సు చివర వెలువడే డిక్లరేషన్ (ఉమ్మడి ప్రకటన) ముసాయిదాను మాత్రం విమానం ఎక్కాక తెరుస్తారు. ప్లీనరీలో, అంటే అందరూ కూర్చునే సభలో, వాళ్ల వంతు వచ్చేసరికి డిక్లరేషన్ పాఠం గట్టిపడిపోయి ఉంటుంది. ప్రసంగానికి చప్పట్లు వస్తాయి, పాఠంలో కామా కూడా కదలదు.

పాఠం ఎక్కడ పుడుతుందో ముందు చూద్దాం. సదస్సుకు నెలల ముందే ఒక కాన్సెప్ట్ నోట్ వస్తుంది. తర్వాత ప్రాంతీయ సంప్రదింపులు జరుగుతాయి. వాటిలోంచి జీరో డ్రాఫ్ట్ అనే తొలి ముసాయిదా తయారవుతుంది. ఆపైన వ్యాఖ్యలకు గడువు, ఒప్పందం కుదరని మాటలకు చదరపు బ్రాకెట్లు. విద్యకు సంబంధించి 2015 మేలో దక్షిణ కొరియాలోని ఇంచెయాన్‌లో జరిగిన సదస్సు మంచి ఉదాహరణ. అక్కడి డిక్లరేషన్‌లో అందరూ చెప్పుకునే నిధుల లెక్క, అంటే స్థూల దేశీయోత్పత్తిలో కనీసం 4 నుంచి 6 శాతం లేదా మొత్తం ప్రభుత్వ వ్యయంలో కనీసం 15 నుంచి 20 శాతం విద్యకు కేటాయించాలన్న మాట, ఏడాది ముందే, 2014 మేలో, ఒమన్ రాజధాని మస్కట్‌లో కుదిరిన అంగీకార పత్రంలో ఉంది. ఇంచెయాన్‌కు వెళ్లి ఆ అంకె పెంచమని వాదించినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు ఏడాది ఆలస్యంగా వెళ్లినట్టే.

అదే వాక్యాన్ని ఇంకాస్త దగ్గరగా చూడండి. రెండు లెక్కల మధ్య "అండ్/ఆర్" అని ఉంది. అంటే రెండూ పాటించినా సరే, ఒకటి పాటించినా సరే. ముందేమో "దేశ పరిస్థితులకు అనుగుణంగా" అన్న మాట కూర్చుంది. పైగా క్రియ "అర్జ్". అంటే గట్టిగా కోరుతున్నారు తప్ప కట్టుబడుతున్నామని ఎవరూ అనలేదు. ఒక్క వాక్యంలో మూడు తలుపులు తెరిచే ఉన్నాయి. అయినా ఈ వాక్యం పనికొస్తుంది, ఎందుకంటే అందులో అంకె ఉంది. అంకె ఉన్న వాక్యాన్ని బడ్జెట్ పక్కన పెట్టి ప్రశ్న అడగొచ్చు. విశేషణాలతో నిండిన వాక్యాన్ని పట్టుకుని ఏమీ అడగలేం.

కాబట్టి ముసాయిదా చేతికి రాగానే రంగు పెన్సిలు తీసుకుని ముందు క్రియల కింద గీతలు గీయండి. "గమనిస్తున్నాం" అన్నది అన్నిటికంటే బలహీనం, విన్నాం అనడం లాంటిది. "స్వాగతిస్తున్నాం" కొంచెం మేలు. "ప్రోత్సహిస్తున్నాం", "పిలుపునిస్తున్నాం", "గట్టిగా కోరుతున్నాం" క్రమంగా బరువెక్కుతాయి. "నిర్ణయించాం", "కట్టుబడుతున్నాం" అన్నవి అరుదు. అవి కనిపించిన చోట ఆగి చదవాలి. ఒడంబడికల్లో, అంటే ప్రభుత్వాలు చట్టపరంగా కట్టుబడే ఒప్పందాల్లో, ఇంకో తేడా ఉంటుంది: "షల్" అంటే విధి, "షుడ్" అంటే హితవు. తెలుగులోకి వచ్చేసరికి ఈ రెండూ "చేయాలి" అయిపోతాయి. వార్తల్లోనైతే అన్నిటికీ కలిపి "సదస్సు తీర్మానించింది" అని ఒకే మాట పడుతుంది. అందుకే తెలుగు అనువాదం మీద ఆధారపడి వాదనకు దిగకూడదు. మూల పాఠం పక్కన ఉండాల్సిందే.

సవరణ ఎలా పంపాలి? అభిప్రాయం రాసి పంపితే చెత్తబుట్టకే. సదస్సు జరిపే సంస్థ సచివాలయంలో ముసాయిదా చూసే మనిషి ముందు వందల పేజీల వ్యాఖ్యలు ఉంటాయి. వాళ్లకు కావలసినవి నాలుగు: పేరా సంఖ్య, తీసేయాల్సిన మాటలు, వాటి స్థానంలో పెట్టాల్సిన మాటలు, ఒక్క వాక్యంలో కారణం. ఒక సంస్థ రెండు మూడు సవరణలకు మించి పంపకపోవడం మంచిది. పదిహేను పంపితే ఏది ముఖ్యమో మీకే తెలియదని అర్థం చేసుకుంటారు. అన్నిటికంటే పనిచేసే ఆయుధం "అగ్రీడ్ లాంగ్వేజ్", అంటే ప్రభుత్వాలు ఇంతకు ముందే వేరే పత్రంలో ఒప్పుకున్న మాటలు. కొత్త మాటకు ప్రతి విదేశాంగ శాఖా తన రాజధాని నుంచి అనుమతి తెచ్చుకోవాలి. పాత మాటకు ఆ బాధ లేదు. 1982లో మెక్సికో నగరంలో జరిగిన సాంస్కృతిక విధానాల సదస్సు సంస్కృతిని కళలు, సాహిత్యాలకే పరిమితం చేయకుండా జీవన విధానం, విలువలు, సంప్రదాయాలు, నమ్మకాలను కూడా కలిపి నిర్వచించింది. సాంస్కృతిక వైవిధ్యంపై 2001లో యునెస్కో చేసిన ప్రకటన ఉపోద్ఘాతంలోకి దాదాపు అదే నిర్వచనం వచ్చింది. 1982లో మాటల మీద పడిన శ్రమ పంతొమ్మిదేళ్ల తర్వాత కూడా పనిచేసింది.

సవరణను సచివాలయానికి పంపి ఊరుకోకూడదు. అంతర్‌ప్రభుత్వ సదస్సుల్లో పరిశీలకులకు, అంటే మీలాంటి సంస్థలవాళ్లకు, సవరణ ప్రతిపాదించే హక్కు ఉండదు. దాన్ని ఏదో ఒక దేశం తన నోటితో చెప్పాలి. కాబట్టి అనుకూలంగా ఉండే రెండు మూడు దేశాల ప్రతినిధులను వెతికి, మీ వాక్యాన్ని అచ్చుగా ఒక్క కాగితం మీద ఇవ్వాలి. సొంత దేశ ప్రతినిధి బృందాన్ని సదస్సు ఊళ్లో కాకుండా రాజధానిలో, బయలుదేరకముందే కలవాలి. విదేశాంగ శాఖ నుంచి వాళ్లకు అందే సూచనల కాగితంలో లేని మాటను వాళ్లు హాల్లో ఒప్పుకోలేరు.

హాల్లోకి వెళ్లడం ఎలా అన్నది వేరే తలనొప్పి. ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలి దగ్గర సంప్రదింపుల హోదా ఉంటే చాలా తలుపులు తెరుచుకుంటాయి. దరఖాస్తుకు సంస్థ పుట్టి కనీసం రెండేళ్లు అయ్యుండాలి, గడువు ఏటా జూన్ 1. ఈ హోదాలో జనరల్, స్పెషల్ అనే రకాలున్నవాళ్లు నాలుగేళ్లకోసారి నివేదిక ఇవ్వాలి, ఇవ్వకపోతే హోదా సస్పెండ్ అవుతుంది. యునెస్కో భాగస్వామ్య పద్ధతి దీనికి వేరు. ఒక చోట హోదా ఉంది కదా అని రెండో చోట సరిపోతుందనుకుని గడువు దాటించుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఏ హోదా లేని చిన్న సంస్థలకు దగ్గరి దారి, హోదా ఉన్న నెట్‌వర్క్ ప్రతినిధి బృందంలో పేరు చేర్పించుకోవడం.

ప్రసంగం దొరికితే, అది సాధారణంగా రెండు మూడు నిమిషాలే. దుబాసీలు హాయిగా అనువదించాలంటే ఇంగ్లిష్‌లో నిమిషానికి నూటికి అటూ ఇటూగా మాటలు. మూడు నిమిషాలకు 300 అనుకోండి. 500 మాటలు రాసుకుని గడగడా చదివితే హాల్లో ఇంగ్లిష్ వచ్చినవాళ్లకే చేరుతుంది. మొదట జారిపోయేవి అంకెలు, పేర్లు. ప్రసంగం ప్రతిని దుబాసీల బూత్‌కు ముందే చేర్చండి. మరో సంగతి: ఐక్యరాజ్యసమితి పద్ధతిలో ఒక సమావేశం మూడు గంటలు. సాయంత్రం ఆరు దాటాక దుబాసీలు వెళ్లిపోతే బేరసారాలు ఇంగ్లిష్‌లోనే సాగుతాయి. అసలైన కోతలన్నీ ఆ రాత్రివేళే పడతాయి. ఇద్దరు మనుషులతో వచ్చిన చిన్న దేశాల బృందాలు నష్టపోయేది అక్కడే.

ఏకాభిప్రాయం గురించి జనంలో ఉన్న మంచి అభిప్రాయం కొంత తగ్గాలి. అందరూ ఒప్పుకోవాలి అంటే, అన్నిటికంటే తక్కువకు ఒప్పుకునే దేశం దగ్గర గీత ఆగుతుంది. బాలల హక్కుల ఒడంబడికనే చూడండి. 1978లో పోలండ్ ప్రతిపాదిస్తే, పదేళ్ల బేరం తర్వాత 1989 నవంబర్ 20న ఆమోదం పొందింది. అందులో పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు బాలలు అని మొదటి అధికరణే చెబుతుంది. 38వ అధికరణకు వచ్చేసరికి సైన్యంలో చేర్చుకోవడానికి, యుద్ధంలో నేరుగా దించడానికి వయసు పదిహేను దగ్గర ఆగింది. ముసాయిదా బృందం ఏకాభిప్రాయంతోనే నడిచింది, కొన్ని దేశాలు పద్దెనిమిదికి ఒప్పుకోలేదు. దాన్ని సరిదిద్దడానికి 2000లో ఐచ్ఛిక ప్రోటోకాల్, అంటే ఇష్టమైన దేశాలు విడిగా చేరే అనుబంధ ఒప్పందం, కావలసి వచ్చింది. అందులోనూ స్వచ్ఛందంగా చేరేవాళ్లను పదహారేళ్లకే తీసుకునే వెసులుబాటు ప్రభుత్వాలకు మిగిలింది.

ప్రభుత్వాలు లేని చోట పాఠం ఎంత పదునుగా ఉండగలదో చూడాలంటే విండ్‌హూక్ చూడాలి. 1991 ఏప్రిల్ 29 నుంచి మే 3 వరకు నమీబియా రాజధానిలో ఐక్యరాజ్యసమితి, యునెస్కో జరిపిన సెమినార్‌లో ఆఫ్రికా పాత్రికేయులు కూర్చుని స్వతంత్ర పత్రిక అంటే ఏమిటో రాశారు. ప్రభుత్వ, రాజకీయ, ఆర్థిక నియంత్రణ లేకపోవడం అని ఆగలేదు. పత్రిక అచ్చుకీ పంపిణీకీ కావలసిన సామగ్రి, మౌలిక వసతుల మీద కూడా ఎవరి పెత్తనమూ ఉండకూడదని రాశారు. సెన్సార్ లేకుండానే, న్యూస్‌ప్రింట్ కోటా ఆపి పత్రికను చంపొచ్చని తెలిసినవాళ్లు రాసిన వాక్యమది. ఆ ఏడాదే యునెస్కో సర్వసభ్య సమావేశం దాన్ని బలపరిచింది. 1993 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి మే 3ను ప్రపంచ పత్రికా స్వేచ్ఛా దినంగా ప్రకటించింది. ముందు వృత్తివాళ్లు పదునైన పాఠం రాసుకోవడం, తర్వాత ప్రభుత్వాల చేత ఆమోదింపజేసుకోవడం: ఈ క్రమం నా దృష్టిలో మిగతా మూడు రంగాలవాళ్లు కూడా నేర్చుకోదగింది.

ఇక పిల్లలు. పిల్లల గురించి జరిగే సదస్సుల్లో పిల్లలను ఎక్కడ కూర్చోబెడతారు అన్నది చూస్తే నిర్వాహకుల సంగతి తెలిసిపోతుంది. 2002 మేలో న్యూయార్క్‌లో పిల్లల గురించి జరిగిన ఐక్యరాజ్యసమితి సర్వసభ్య ప్రత్యేక సమావేశానికి ముందు పిల్లల ఫోరం మూడు రోజులు నడిచింది, నాలుగు వందల మందికి పైగా వచ్చారు. వాళ్లు తయారుచేసుకున్న సందేశాన్ని వాళ్లలో ఇద్దరు సర్వసభ్య సమావేశంలో చదివారు. అయితే ప్రభుత్వాల తుది పత్రం మీద బేరాలు అప్పటికే చాలాకాలంగా నడుస్తున్నాయి. ఆ తేడాను పిల్లలకు ముందే నిజాయితీగా చెప్పాలి: మీ మాట దేని మీద ప్రభావం చూపగలదు, దేని మీద చూపలేదు.

బాలల హక్కుల ఒడంబడికలో పిల్లల అభిప్రాయం వినాలని చెప్పే 12వ అధికరణను వివరిస్తూ బాలల హక్కుల కమిటీ 2009లో ఇచ్చిన 12వ సాధారణ వ్యాఖ్య ఇక్కడ కొలబద్ద. పిల్లల భాగస్వామ్యం పారదర్శకంగా, స్వచ్ఛందంగా, గౌరవంగా, వాళ్లకు సంబంధించిన విషయం మీద, పిల్లలకు అనువుగా, అందరినీ కలుపుకుని, పెద్దలకు తగిన శిక్షణతో, ప్రమాదాలను గమనిస్తూ, జవాబుదారీగా ఉండాలంటుంది. ఆచరణలో చిన్న చిన్న పనులే ఇవన్నీ. అంగీకార పత్రాలు రెండు కావాలి: ఒకటి తల్లిదండ్రులది, ఒకటి పిల్లలు తమ భాషలో చదివి సంతకం చేసింది. ఫోటో, వీడియోలకు అనుమతి విడిగా తీసుకోవాలి. ప్రయాణానికి ఒప్పుకున్నంత మాత్రాన ముఖం నెట్‌లో పెట్టడానికి ఒప్పుకున్నట్టు కాదు. మనసు మార్చుకుంటే ఎవరికి చెప్పాలో, ఆ మనిషి పేరుతో సహా తెలియాలి. తోడు వచ్చే పెద్దవాళ్లు పిల్లల బదులు మాట్లాడకూడదని ముందే రాసుకోవాలి.

చాలామంది మర్చిపోయేది పాల్గొన్నవాళ్ల జాబితా. చివరి రోజు అది పేరు, ఊరు, సంస్థతో సహా పీడీఎఫ్‌గా నెట్‌లోకి వెళ్తుంది. దాడికి గురైన, కోర్టు కేసులో ఉన్న పిల్లల పేర్లు అందులో ఉంటే, వేదిక మీద ముఖం దాచి లాభం లేదు. జాబితా బాధ్యత చూసే ఉద్యోగికి మొదటి వారంలోనే రాతపూర్వకంగా చెప్పి పెట్టాలి. దమనం ఉన్న దేశాల నుంచి వచ్చే జర్నలిస్టులకూ ఇదే వర్తిస్తుంది.

పిల్లల ప్రసంగంలో "సుస్థిరాభివృద్ధి", "బహుళ భాగస్వామ్య విధానం" లాంటి మాటలు వినిపిస్తే అది పెద్దలు రాసిచ్చిందే. ముసాయిదాను రెండు పేజీల పిల్లల పాఠంగా మార్చి కనీసం మూడు వారాల ముందు వాళ్ల చేతికిస్తే ఈ గొడవ ఉండదు. ఆరంభ సభలో పాట పాడించి, బేరాలు జరిగే రోజున ఊరు చూపించడానికి తీసుకెళ్లే అలవాటు కూడా మానుకోవాలి.

సదస్సు అయ్యాక పని అసలు మొదలవుతుంది, అందరూ అలసిపోయేది కూడా అప్పుడే. విద్యలో గడువులు ఎలా జరిగాయో చూస్తే సంగతి అర్థమవుతుంది: 1990లో థాయ్‌లాండ్‌లోని జోమ్‌టియెన్‌లో అందరికీ ప్రాథమిక విద్యకు గురి 2000. 2000లో సెనెగల్ రాజధాని డకార్‌లో అది 2015 అయింది. 2015లో ఇంచెయాన్‌లో 2030 అయింది, ఈసారి పన్నెండేళ్ల ఉచిత విద్య కూడా చేరింది. డిక్లరేషన్‌ను కోర్టులో అమలు చేయించలేం. దాన్ని తీసుకెళ్లి కట్టుబాటు ఉన్న ఒడంబడికకు ముడివేయాలి. బాలల హక్కుల ఒడంబడికలో 196 పక్షాలున్నాయి, అమెరికా తప్ప దాదాపు అందరూ. ప్రతి ప్రభుత్వమూ తొలి నివేదిక రెండేళ్లలో, ఆపైన ఐదేళ్లకోసారి జెనీవాలోని పద్దెనిమిది మంది నిపుణుల కమిటీకి ఇవ్వాలి. స్వచ్ఛంద సంస్థలు దాని పక్కన తమ ప్రత్యామ్నాయ నివేదిక పంపొచ్చు. మీడియా మీద వాక్యమైతే 13, 17 అధికరణల కింద, బడి గురించైతే 28, 29 కింద, ఆట, కళలు, సాంస్కృతిక జీవితం గురించైతే 31 కింద రాయాలి. నాలుగు సదస్సుల వాక్యాలూ ఇలా ఒకే నివేదికలో పడతాయి.

రెండో దారి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి జరిపే సార్వత్రిక ఆవర్తన సమీక్ష, అంటే ఒక్కో దేశం మానవ హక్కుల తీరును వంతులవారీగా మిగతా దేశాలు సమీక్షించి సిఫారసులు చేసే పద్ధతి. అక్కడ ఒక్క సంస్థ పంపే పత్రం 2,815 మాటలు, సంస్థలు కలిసి పంపితే 5,630 మాటలు దాటకూడదు. దాటిన పత్రాన్ని పరిగణనలోకి తీసుకోరు. పంపేముందు ప్రతి డిమాండ్‌నూ ఒక ప్రతినిధి హాల్లో యథాతథంగా చదవగలిగేంత చిన్న సిఫారసుగా కుదించండి, ఏ చట్టం మార్చాలో, ఎప్పటిలోగా మార్చాలో అందులోనే ఉండాలి.